పిన్ను లేని కుర్చీ

యుద్ధవిమానాల ప్రదర్శనశాలకు వచ్చినవారు మొదట రెక్కలను చూస్తారు. పిన్నుల మేస్త్రీ మాత్రం కుర్చీని చూశాడు. ఆ పేరు అతనికి తోటి పనివాళ్ళు పెట్టినది. ఫైటర్ విమానంలో పైలటు కూర్చునే ఆసనం వెనుక మందు దట్టించిన గొట్టం ఉంటుంది. ఆకాశంలో ఆపద ముంచుకొచ్చినప్పుడు పిడి లాగితే అది పేలి, మనిషిని కుర్చీతో సహా బయటికి విసిరివేస్తుంది. నేలమీద ఉన్నంతసేపూ అది పేలకుండా ఆపేది వేలెడంత పిన్ను, దానికి వేలాడే ఎర్ర పట్టీ. ఆ పిన్ను పెట్టడం, తీయడం, తీసినదానిని పైలటు కంటికి చూపడం: ఉద్యోగజీవితమంతా అతడు చేసిన ఉపాసన ఇదే.

కొలువుకు విరమణ వచ్చినా ఆ బుద్ధికి రాలేదు. గ్యాసు కట్టేశానని భార్య చెప్పినా తానే వెళ్ళి మీట తడిమితే తప్ప ఇల్లు కదలడు. ఈ ఉదయం కూడా వేసిన తాళం మళ్ళీ తీయించాడు.

"మీ నాన్న ఆ పొయ్యికి కాపలా కాయడానికే పుట్టాడురా," అని కారులో భార్య కొడుకుతో అంది.

"పోనీలెండి అత్తయ్యా, ఈ పూట పొయ్యికి సెలవు," అని కోడలు నవ్వింది.

మనవరాలికి ఆ నవ్వులేవీ పట్టలేదు. విమానంలో కూర్చోనిస్తారట, కొన్నాళ్ళుగా ఆ పిల్లకు అదే జపం.

షెడ్డు నడుమ పొట్టి రెక్కల విమానం, దాని పక్కన ఇనుప నిచ్చెన, నిచ్చెన కింద పిల్లల బారు. వంతు రాగానే పిల్ల గబగబా ఎక్కి కాక్‌పిట్‌లో కూర్చుంది. కింద నిలిచిన మేస్త్రీ చూపు అలవాటుగా ఎర్ర పట్టీ కోసం వెతికింది. తలవైపు లేదు. పక్కనా లేదు.

ప్రదర్శనకు పెట్టిన విమానంలో మందెందుకు ఉంటుందని బుద్ధి చెబుతూనే ఉంది. అయినా కొలువులో ఉండగా ఏనాడో పక్క షెడ్డులో వినబడిన చప్పుడును దేహం మరువలేదు. పిన్ను ఉందనుకుని కుర్చీ మీదుగా వంగిన తోటి పనివాడు. రేకుల కప్పుకు పడిన కన్నం. అందులోనుంచి నేలమీదికి జారిన ఎండ. ఉందనుకున్నాడు, అంతే.

"ఏమండీ, మొహం అలా అయిందేం?" అని భార్య అడిగింది.

"పిన్ను లేదు."

"ఏ పిన్ను?"

అప్పటికే పిల్ల చెయ్యి మోకాళ్ళ నడుమనున్న చారల పిడి మీదికి పోతోంది.

"చేతులు పైకి!"

తాను కుర్చీని తాకబోయేముందు పైలటుకు అతడు వేసే కేక అది. షెడ్డంతా మారుమ్రోగింది. పిల్ల చేతులెత్తింది. బారులోని పిల్లలందరూ ఎత్తారు. ఒక పెద్దమనిషి చేతిలోని ఐస్‌క్రీముతో సహా ఎత్తాడు.

"నాన్నా! అందరూ మననే చూస్తున్నారు," అని కొడుకు పళ్ళు బిగబట్టి అన్నాడు.

గైడు పరుగెత్తుకొచ్చాడు. "ఏం కాదు సార్, అది ఖాళీ కుర్చీ. మందెప్పుడో తీసేశారు."

"ఎవరు తీశారు?"

"తీసేవాళ్ళే తీశారు సార్."

"నువ్వు చూశావా?"

"నేను పుట్టకముందు సంగతండీ అది!"

బారులో ఎవరో కిసుక్కున నవ్వారు. మేస్త్రీకి మాత్రం ఆ జవాబుతో ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయింది.

"పిల్లని దించెయ్యరా," అంది భార్య. ఆమె గొంతు మారింది. "ఆయన ఊరికే అలా అరవరు."

"దించితే మళ్ళీ ఎక్కనివ్వరమ్మా," అన్నాడు కొడుకు.

"నేను దిగను!" అంది పైనుంచి పిల్ల. పెదవి వణుకుతోంది, చేతులు మాత్రం పైనే ఉన్నాయి. "తాతయ్యా, నొప్పెడుతున్నాయి."

"నేను చెప్పేదాకా దించకు తల్లీ."

మేస్త్రీ నిచ్చెన ఎక్కాడు. కాక్‌పిట్ అంచుమీదుగా, ఆనాడు ఆ పనివాడు వంగినట్టే వంగి, కుర్చీ వెనుకకు చెయ్యి దూర్చాడు. గొట్టం నోరెక్కడో వేళ్ళకు తెలుసు. మూత లేదు. లోపల దుమ్ము, సాలెగూడు. ఇంకా లోపల ఏమీ లేదు. మరొకసారి తడిమాడు.

"మామయ్యగారూ, ఉందా?" అని కోడలు కిందనుంచి అడిగింది. ఇప్పుడామె నవ్వడం లేదు.

"ఖాళీ," అన్నాడు. పిల్లవైపు తిరిగి, "దించు," అన్నాడు.

పిల్ల చేతులు దించి కళ్ళు తుడుచుకుంది. పిడివైపు చూసింది. "ఇప్పుడు లాగనా?"

ఆ ప్రశ్నకు అతడు సిద్ధంగా లేడు. నేలమీద ఆ పిడిని ఎవరూ లాగకుండా కావలి కాసిన మనిషి. వద్దంటే ఆ పిల్ల వింటుంది. ముందుకు చాచిన ఆ చిన్న వేళ్ళు నిప్పు దగ్గరికి పోయినట్టు వెనక్కి ముడుచుకున్నాయి. అది తన భయమే. అంతలోనే ఆ పిల్లకు అంటుకుంది.

"లాగు," అన్నాడు.

పిడి కొద్దిగా లేచి, టక్కుమని ఆగిపోయింది.

"అంతేనా?" అని పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది.

"అంతే."

"ఇంకోసారి లాగనా?"

"లాగు."

"ఏమండీ, ఇక దిగండి, వెనక పిల్లలు నిలబడ్డారు," అంటోంది భార్య. పిల్ల మళ్ళీ లాగింది, పకపకా నవ్వి మళ్ళీ లాగింది. టక్కుమన్న ప్రతిసారీ మేస్త్రీ భుజాలు అదిరిపడుతూనే ఉన్నాయి. అయినా వద్దనలేదు.