వీపు తిప్పి అన్న ‘ఆయ్’

1951 జూన్‌లో నన్ను తెనాలి నుంచి అమలాపురం చేనేత బట్టల డిపోకి మేనేజరుగా బదిలీ చేశారు. చేరిన వారానికే సరుకు సరిచూస్తే బండారులంక చీరలు నాలుగు కనబడలేదు. అమ్మినట్టు బిల్లు లేదు, అరలో చీర లేదు. ఆ సంగతి రాస్తే మద్రాసు హెడ్డాఫీసు నుంచి ఒక హెచ్చరిక వచ్చింది. ఇంకొక్క చీర పోతే సీనియర్ సేల్స్‌మన్ సుబ్బారాయుడు గారిని ఉద్యోగంలోంచి తీసేస్తామని. ఆయనకి యాభై దాటాయి. చీర విప్పడం, మడవడం తప్ప మరో పని తెలియదు.

బట్టల కొట్లో దొంగని మొహం చూసి పట్టుకోలేం. కళ్లు ఎటు తిరుగుతున్నాయో చూడాలి. కొనడానికొచ్చిన మనిషి చీర అంచు చూస్తుంది, కొంగు చూస్తుంది. తీయడానికొచ్చిన మనిషి సేల్స్‌మన్‌ని చూస్తుంది. పై అరలో కట్ట దింపమంటుంది. ఆయన అటు తిరగగానే పరుపు మీది చీర సంచిలోకి పోతుంది, వానాకాలమైతే ముడిచిన గొడుగులోకి పోతుంది. అందుకని రెండు నిబంధనలు పెట్టాను. ఒకరి ముందు మూడు చీరలకి మించి విప్పి ఉంచకూడదు. గొడుగులు గుమ్మం దగ్గరే వదలాలి.

ఒక్కటీ సాగలేదు. ముప్ఫై చీరలు విప్పించకుండా ఒకటి కొనడం ఆ ఊళ్లో ఎవరికీ చేతకాదు. గొడుగు అడిగితే ఒక పెద్దాయన, “మా గొడుగేం చేసిందండీ?” అని నొచ్చుకుని వెనక్కి వెళ్లిపోయారు. సుబ్బారాయుడు గారు మరీనూ. మూడే చీరలండీ అంటే “ఆయ్” అనేవారు. గొడుగులు చూసుకోండి అంటే “ఆయ్” అనేవారు. ఆ మాటకి ‘సరే’ అని అర్థమని నాకెవరో చెప్పారు. సరే అన్న మనిషి గంట తిరక్కుండా పరుపు నిండా చీరలు పరుచుకుని కూర్చుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఆ ఊరి మర్యాదతో తలప్రాణం తోకకొచ్చింది.

ఆగస్టులో ఒక శనివారం, వాన పడుతుండగా, ఆడపిల్లల స్కూల్లో టీచరు మార్తమ్మ గారు వచ్చారు. చాలాసేపు చూసి నెమలికంఠం రంగు చీర ఒకటి పక్కన పెట్టుకున్నారు. సుబ్బారాయుడు గారు బల్ల ఎక్కి, అటు తిరిగి పై అర సర్దుతున్నారు. ఆవిడ ఏదో అన్నారు. వాన చప్పుడులో నాకు వినబడలేదు. తర్వాత ఆ చీర సంచిలో పెట్టుకుని, తాపీగా మెట్లు దిగారు.

ఇన్నాళ్లకి దొంగ దొరికిందనుకున్నాను. పరుగున వెళ్లి, వీధిలో పదిమంది చూస్తుండగా, సంచి పట్టుకుని ఆపాను. చీర తీయమని గట్టిగానే అరిచాను.

ఆవిడ మొహం పాలిపోయింది. “చెప్పే తీసుకెళ్తన్నానండీ. అత్తయ్యగారికి చూపించి సోమవారం తెస్తానన్నానండీ. సుబ్బారాయుడు గారు ఆయ్ అన్నారండీ,” అన్నారు.

సుబ్బారాయుడు గారు బల్ల దిగి గుమ్మంలోకి వచ్చారు. అనలేదంటే ఆవిడ దొంగ అవుతుంది. అన్నానంటే బిల్లు లేకుండా చీర పంపినట్టయి ఆయన ఉద్యోగం పోతుంది. హెచ్చరిక కాగితం ఆయనకి నేనే చదివి వినిపించాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“అన్నానండీ. ఆవిడేమడిగేరో వినలేదండీ. ఎవరేమన్నా ముందు ఆయ్ అనేస్తానండీ, అలవాటైపోయింది,” అన్నారు, అందరి ముందూ.

మార్తమ్మ గారు చీర తీసి నా చేతిలో పెట్టి, గొడుగు కూడా వేసుకోకుండా వెళ్లిపోయారు.

పోయిన నాలుగు చీరల సంగతి అప్పుడు తట్టింది. సుబ్బారాయుడు గారిని పాత ఖాతాదార్ల ఇళ్లకి పంపించాను. మూడు చీరలు, మడత నలగకుండా, తిరిగొచ్చాయి. వాళ్లూ అడిగే తీసుకెళ్లారట. ముక్తేశ్వరంలో ఒకావిడైతే, వాళ్ల ఆడపడుచు ఇంకా చూడలేదు, అప్పుడే తొందరేమిటని ఈయన్నే కోప్పడిందట. నాలుగోది మాత్రం నిజంగానే పోయింది.

జరిగింది జరిగినట్టు మద్రాసుకి రాసి, ఆయన్ని ఉంచమని కోరాను. ‘ఆయ్ అను వ్యక్తి పూర్తి పేరు, చిరునామా వెంటనే పంపుడు’ అని జవాబొచ్చింది. తల బాదుకున్నాను. మరో రెండు ఉత్తరాలు రాశాక మందలింపుతో సరిపెట్టారు.

ఆ గొడవ జరిగిన రెండో రోజే, సోమవారం, ఆ చీర పట్టుకుని స్కూలుకి వెళ్లాను. తప్పు నాదేనని, క్షమించమని మార్తమ్మ గారిని అడిగాను. ఆవిడ దిద్దుతున్న పుస్తకంలోంచి కళ్లు తిప్పకుండా “ఆయ్” అన్నారు. చీర తీసుకోలేదు. నేనక్కడ ఉన్న మూడేళ్లలో మళ్లీ మా డిపో మెట్టెక్కలేదు. ‘ఆయ్’ అంటే పలికినట్టు మాత్రమేననీ, ఒప్పుకున్నట్టు కాదనీ నాకు ఆ రోజు తెలిసింది.

తర్వాత చాలా ఊళ్లలో పనిచేశాను, దొంగల్ని పట్టుకున్నాను కూడా. గుమ్మం దాటే మనిషి మీద చెయ్యి వెయ్యకముందు, ‘ఆవిడతో మీరేమన్నారు?’ అని మా మనిషిని అడగడం ఎక్కడా మానలేదు.