పిండిమరలో వెలగని లైటు

వీధిలో అందరూ ఆయనను పిండిమర మామ అంటారు. మామకు కుతూహలం జాస్తి. గోడకు కొత్త గడియారం కొని తెస్తే టైము చూడడు, ముందు వెనకమూత విప్పుతాడు. "అసలు ఇదెలా తిరుగుతోందే?" అని భార్యను పిలుస్తాడు. "నా బుర్ర తిరుగుతోంది, ముందు అది చూడండి" అంటుందామె.

అలాంటి మనిషి ఫోనులో లైటు మాయమైతే ఊరుకుంటాడా? మర నడుస్తుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు. గది మొత్తం అదురుతుంటే జేబులో ఫోను అదిరిందో లేదో ఎవరికి తెలుసు? అందుకే ఫోనును ఎదురుగోడ గూట్లో నిలబెట్టేవాడు. కాల్ వస్తే దాని లైటు టపటపా కొట్టుకునేది. మొన్న ఆ ఫోను తనంతట తాను ఏదో అప్‌డేట్ చేసుకుంది. అంతే, లైటు పోయింది.

సరిగ్గా ఇప్పుడే పోవాలా! పక్క ఊరి ఆసుపత్రిలో కూతురు కాన్పుకు చేరింది, భార్య తోడుంది. "ఆపరేషన్‌కి తీసుకెళ్ళేముందు నీతో మాట్లాడాలి నాన్నా. నీ గొంతు వింటే భయం పోతుంది" అంది కూతురు. "పిచ్చితల్లీ, ఎత్తకుండా ఉంటానా!" అని మాటిచ్చాడు. ఒప్పుకున్న బస్తాలు పిండి పట్టేసి, ఎల్లుండి తనూ బయల్దేరాలనుకున్నాడు.

కస్టమర్ కేర్‌కు ఫోను చేశాడు. చెవి వాచేలా సంగీతం వినిపించాక ఒకమ్మాయి పలికింది.

"ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్. అంతవరకూ లైన్లోనే ఉండండి."

"ఎలా ఉండనమ్మా? ఆ లైనూ ఇందులోనే ఉంది కదా!"

అటు కీబోర్డు టకటకలాడింది. "మీ మోడల్‌లో ఆ ఫీచర్ ఎప్పుడూ లేదండి."

"మొన్నటిదాకా ఉందే! ఉన్నది ఎటు పోతుంది తల్లీ?"

ఇంకొకడైతే ఒంటికాలిమీద లేచేవాడు. మామకు మాత్రం కోపం కంటే వింత ఎక్కువైంది. "నీ ఎదురుగా ఇలాంటి ఫోనుందా అమ్మా?" అని అడిగాడు.

"లేదండి. నేనెప్పుడూ చూడనేలేదు" అంది ఆ అమ్మాయి గొంతు తగ్గించి. "స్క్రీన్ మీద ఉన్నది చదువుతున్నా. పైవాళ్ళని అడిగి రేపు నేనే చేస్తాను."

మర్నాడు పొద్దున్నే భార్య ఫోను చేసింది. ఆపరేషన్ ఇవాళేనట, కాసేపట్లో పిల్లతో మాట్లాడిస్తుందట. మామ మర వెయ్యలేదు. పిండి పట్టించుకోడానికి వచ్చినవాళ్ళను "ఈ పూటకి నన్నొదిలేయండి బాబూ" అని తిప్పి పంపేశాడు. ఫోను ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు.

మోగింది. తీరా ఎత్తితే కస్టమర్ కేర్ అమ్మాయి!

"మీరు చెప్పింది నిజమే సార్. ఉండేదట. అప్‌డేట్‌లో తీసేశారట."

పెట్టేయవచ్చు కదా! ఆ కుతూహలం పాడుగాను, నోరు ఊరుకుంటేనా? "తీసేశారా? ఎందుకమ్మా? ఎవరికి అడ్డొచ్చిందట?" అని మొదలెట్టాడు. ఆమె చెబుతూనే ఉంది, ఈయన అడుగుతూనే ఉన్నాడు. మధ్యలో చెవిలో ఏదో బీప్‌మంది. అవతలి ఆఫీసులో మోతేమో అనుకున్నాడు.

పెట్టేశాక చూస్తే వరసగా భార్య కాల్స్. వెంటనే తిరిగి చేశాడు.

"తీసుకెళ్ళిపోయారండీ" అంది భార్య. "ఎన్నిసార్లు చేశాను! మీరు ఎత్తకపోతే ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు. 'పోనీలే అమ్మా, మర నడుస్తుంటుంది, నాన్నకి వినపడదు' అంది."

తల్లీబిడ్డా క్షేమమని సాయంత్రం కబురొచ్చింది. ఆ పూట మర నడవలేదన్న సంగతి మాత్రం మామ కూతురికి ఇప్పటికీ చెప్పలేదు.