పందిరి ఉన్నన్నాళ్లే మా అక్క వీధి

కొత్త ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలుకు వచ్చిందని కడపలో మేమంతా సంబరపడ్డాం కానీ, అది నేరుగా మా అక్క వీధిలోంచే వచ్చిందని తర్వాత తెలిసింది. పాత ఊరిలో తుంగభద్ర వైపు దిగే సందుల్లో ఆమెది ఒకటి. అటూ ఇటూ అరుగులు, మధ్యలో రెండు ఎద్దులబండ్లు పట్టేంత దారి. గుడారాల్లో ఆఫీసులు మొదలయ్యాక జీపులకూ, వెదుళ్లు మోసే లారీలకూ అది అడ్డదారి అయింది. బావ పోయినప్పటి నుంచి మా లక్ష్మక్క సాయంత్రాలన్నీ ఎదురింటి జైనబీ అరుగు మీదే గడిచేవి. ఇప్పుడు కీళ్లనొప్పులతో కుంటుతూ ఆ బండ్లకు అడ్డంపడి దాటే ధైర్యం అక్కకు లేదు. జైనబీకి చూపు మందగించింది. ఇద్దరూ చెరో అరుగు మీద కూర్చుని దుమ్ములోంచి ఒకరినొకరు చూసుకునేవారు. అలాంటిది, వైశాఖంలో ఒకనాడు ఒక చుట్టం చేత అక్క కబురు పంపింది. "మా వీధి మళ్లా మాకొచ్చింది. శాన్నాళ్లు ఉండదు. వచ్చి చూసిపో."

మర్నాడు తెల్లవారుజామునే కడపలో బస్సెక్కాను. కర్నూలుకు టిక్కెట్టు నాలుగు రూపాయల చిల్లర. మైదుకూరు చేరేసరికే ఎండ ఒళ్లోకి వచ్చి కూర్చుంది. ఆళ్లగడ్డలో టీ తాగాం. నంద్యాలలో బస్సు బాగానే ఆగుతుంది కాబట్టి భోజనం అక్కడే చేయడం మేలు. జొన్నరొట్టెలో శెనక్కాయల ఊరిబిండి నంజుకుని తిన్నాను, మళ్లీ అడిగి వేయించుకున్నాను. దారిలో మా డ్రైవరు ఊళ్ల మధ్య కూడా వేగం తగ్గించేవాడు కాదు, గొర్రెల మంద కనబడితే మాత్రం బుద్ధిగా ఆపేవాడు. ఇదేం లెక్కయ్యా అన్నాను. "గొర్రె పడితే ఊరంతా మీదికొస్తాదప్పా. మనిషంటావా, వాడే తప్పుకుంటాడు," అన్నాడు. కోపం వచ్చింది గానీ, స్టీరింగు ఆయన చేతిలో ఉందని ఊరుకున్నాను.

మధ్యాహ్నం ఎండ తిరిగాక కర్నూల్లో దిగాను. జట్కావాడు ఆరణాలు అడిగాడు, ఒప్పుకున్నాను. "సందు మొగదల్లో దింపుతా సామీ. లోపలికి పోదు, పెండ్లి పందిలి ఉండాది," అన్నాడు. పెండ్లి ఎప్పుడని అడిగితే పెద్దగా నవ్వాడు. "పెండ్లి ఎప్పుడో అయిపాయె. పందిలే అయిపోలే!"

నిజంగానే వీధికి అడ్డంగా పందిరి. అక్క పక్కింటి బాలన్న ధాన్యం వ్యాపారి. కూతురి పెళ్లికి ఈ అరుగు నుంచి ఆ అరుగు దాకా గుంజలు పాతించాడు. హారను కొడుతూ వచ్చిన జీపులన్నీ పందిరిని చూసి నోరు మూసుకుని వెనక్కి తిరిగాయి. పెళ్లి పందిరి రాటను తోసుకుపోయే గుండె ఏ డ్రైవరుకూ లేదు. పదహారు రోజుల పండుగ దాకా ఎలాగూ తీయరు. అది కూడా దాటిపోయింది. పైన కొబ్బరాకులు ఎండి గలగలమంటున్నాయి, మామిడి తోరణాలు చుట్టచుట్టుకుపోయాయి. అయినా పందిరి కదలలేదు.

"మంగళవారం తియ్యగూడదంటిమి. శుక్రవారం అసలే కూడదంటిమి," అని అక్క ఉత్సాహంగా చెప్పింది. "ఆనక అమావాస్య వచ్చె. ఇంగ ఈ జైనబీ ఉండాదే, బేస్తవారం గూడా మంచిది కాదనె!"

"మీకు అన్ని రోజులుంటే మాకు ఒక్కటన్నా ఉండగూడదా?" అంది జైనబీ.

ఆ సాయంత్రం అక్క నా చెయ్యి కూడా పట్టుకోకుండా వీధి దాటింది. మధ్యలో ఒకచోట ఊరికే నిలబడి అటూ ఇటూ చూసింది. పిల్లలు గోలీలాడుతున్నారు. ఎవరో నీళ్లు చల్లితే మట్టి వాసన వచ్చింది. నేను చిన్నప్పుడు సెలవులకు వచ్చిన వీధి ఇదే. కడపలో ఇన్నాళ్లూ దేనికి బెంగపడ్డానో అప్పుడు తెలిసింది.

మరి ఈ పందిరి నిలవదు కదా అని బాలన్నను అడిగాను. సందు మొగదల రెండు రాతి కంబాలు నాటించమని వీధంతా కలిసి అర్జీ పెట్టారట. ఎద్దులబండి పట్టాలి, లారీ పట్టకూడదు, అదీ కోరిక. రద్దీ చూసి పోదామని ఒక ఓవర్సీరు మొన్ననే వచ్చాడు. తీరా వస్తే పందిరి, దాని కింద నీడ, గోలీలు. "బండ్లు యాడుండాయప్పా? ఇంత చల్లని వీధి కర్నూల్లో యాడా చూడలే," అని, ఇక్కడ తనకు బాడుగకు ఇల్లేదైనా దొరుకుతుందా అని వాకబు చేసి వెళ్లిపోయాడు. ఆ ఒక్క పూట పందిరి విప్పి లారీలను రానిచ్చి ఉంటే కంబాలు వచ్చేవేమో. ఆ మాట ఒక్కరికీ తోచలేదు. తోచినా ఎవరికీ చేతులు వచ్చేవి కావనుకుంటాను.

మర్నాడు బాలన్న వియ్యంకుడు కోడల్ని తీసుకుపోవడానికి వచ్చాడు. గడపలో అడుగు పెట్టకముందే తల పైకెత్తి చూశాడు.

"ఏమప్పా, ఎండిన పందిలి కింద నుంచి నా కోడల్ని పంపుతావా? ఇదేమన్నా మంచికేనా?"

బాలన్న వారాలూ తిథులూ అన్నీ పక్కన పెట్టి కూలీలను పిలిపించాడు. మధ్యాహ్నానికే మనుషులు నిచ్చెన వేశారు. అది చూసి అక్క లోపలికి వెళ్లి వక్కాకు సంచి, ఒక బొంత తెచ్చింది. "చెయ్యియ్యి నాయనా," అంటే ఇచ్చాను. రాలుతున్న ఆకుల్లోంచి ఎదురింటికి తీసుకుపోయాను.

చివరి గుంజ ఊడుతుంటే జైనబీ కంగారుపడింది. "అక్కా, పందిలి పీకేస్తాండారు. ఇప్పుడే ఇంటికి దాటు. ఆనక దాటలేవు!"

అక్క తీరిగ్గా ఆకుకు సున్నం రాసింది. "దాటేదెవరు? ఈ పూటకు నేనీడే ఉంటా." అప్పటికే సందు మొగదల లారీ హారను కొడుతోంది.

తిరుగు దారిలో నంద్యాలలో బస్సు ఆగినా నేను భోజనానికి దిగలేదు. రాజధాని రావద్దని నేననను, అక్క కూడా ఏనాడూ అనలేదు. ఊరంతా సర్కారువాళ్లే తీసుకోనీ, ఆమె అడిగింది ఈ అరుగుకూ ఆ అరుగుకూ మధ్య మూడు బారల నేల. కడపలో మా వీధి ఇంకా నిమ్మళంగానే ఉంది. వచ్చిన రోజు దాన్ని కొస నుంచి కొస దాకా ఊరికే నడిచాను. కర్నూలు పోయేవారికి ఒక్క మాట: పాత ఊరికి జట్కా కట్టించుకుంటే సందు మొగదల్లోనే దిగండి, లోపల బండి తిప్పుకోవడం కష్టం. నడిచేటప్పుడు అరుగు అంచున వక్కాకు సంచితో ఒక పెద్దామె నిలబడి కనిపిస్తే చెయ్యి అందించండి. ఎక్కడికని అడగనక్కర్లేదు, ఎదురింటికే.