ఫ్రిజ్ కింది ఈశాన్యం

మెటల్ డిటెక్టర్ కొన్న వారంలోనే కాప్రా చెరువు గట్టు మీద ఒక సాయంత్రమంతా తిరిగాను. నిజాం కాలపు నాణేలు దొరుకుతాయని వీడియోలు చూసి నమ్మాను. దొరికినవి సోడా మూతలు, మందు గోళీల రేకులు, ఒక సైకిల్ బెల్లు మూత. వాకింగ్‌కి వచ్చిన ఒకాయన నన్ను మున్సిపాలిటీ మనిషి అనుకుని, వాళ్ల గల్లీలో డ్రైనేజీ పొంగుతోందని చెప్పి అడ్రసు కూడా ఇచ్చాడు. ఆ రోజే మిషన్‌ని అటకెక్కించాను.

అలాంటి మిషన్ నా దగ్గరుందని పెద్దనాన్నకు గుర్తు రావడం నా ఖర్మ.

చిలకలగూడలో తాత కట్టిన ఇంటిని అపార్ట్‌మెంటుకి ఇచ్చేశారు. సామాను తరలిపోయింది. తలుపులూ కిటికీలూ పాత కలప వాళ్లు పట్టుకుపోయారు. ఇక జేసీబీ రావాలి. దానికి మూడు ఆదివారాల ముందు పెద్దనాన్న నన్ను పిలిచి సంగతి చెప్పాడు. శంకుస్థాపన రోజు పునాది గుంటలో నవధాన్యాలూ నాణేలూ వేసిన రాగి చెంబు పెట్టారట. అందులో పిసరంత బంగారం కూడా పడాలన్నాడట పంతులు. ఇంట్లో వేరే బంగారం లేదు. నానమ్మ తన ముక్కుపుల్ల తీసి వేసింది. ఇల్లు పూర్తయిన ఏడే ఆమె పోయింది. ఫోటో లేదు. అప్పటికి పెద్దనాన్నకు ఐదేళ్లు. ఆమె మొహం గుర్తు లేదన్నాడు. ముక్కుపుల్ల ఊడదీస్తుంటే ముక్కు ఎర్రబడడం ఒక్కటే గుర్తుందట. ఉయ్యాల్లో ఉన్న మా నాన్నకు అదీ లేదు.

"జేసీబోడు దాన్ని మట్టిల కలిపి లారీల పోస్తడు బిడ్డా. ఏ గుంటల పడ్తదో ఏమో."

ఇలాంటి చోట ఒక జోకు వెయ్యడం నా అలవాటు. ఆ రోజు మాత్రం మిషన్‌కి ఎన్ని బ్యాటరీలు కావాలో చెప్పి వచ్చాను.

పునాది చెంబు ఈశాన్యంలో పెడతారు. ఆ సంగతి మా ఇంటి పిల్లికి కూడా తెలుసు. ఈశాన్యంలో పూజగది ఉంది. కాబట్టి రెండు ఆదివారాలు పూజగదిలో షాబాద్ బండలు లేపి తవ్వాం. తవ్వాం అంటే నేను తవ్వాను. పెద్దనాన్న బోర్లించిన బకెట్ మీద కూర్చుని, జెర ఇటు, జెర అటు అంటూ చూపించాడు. నా మిషన్‌కి ఒక అడుగు లోతు దాటితే చెవుడు. అందుకని అడుగు తవ్వడం, మిషన్ కింది కాయిల్ తిప్పడం, మళ్లీ అడుగు తవ్వడం. మోగింది, మోగకపోలేదు. మేకులకు మోగింది. మేస్త్రీ పారేసిన తాపీ ముక్కకు మోగింది. మోగినప్పుడల్లా పెద్దనాన్న బకెట్ మీంచి లేచేవాడు, మేకు చూసి కూర్చునేవాడు. రెండో ఆదివారం సాయంత్రానికి లేవడం మానేశాడు. నాకూ కూర్చోవాలనే ఉండేది, కాకపోతే నేను గుంటలో ఉన్నాను.

మూడో ఆదివారమే ఆఖరిది. మర్నాడు పొద్దున జేసీబీ. మధ్యాహ్నం పెద్దమ్మ ఫ్లాస్కులో చాయ్ తెచ్చి, నడుముదాకా గుంటలో ఉన్న నన్ను కాసేపు చూసింది. ఇక్కడెందుకు తవ్వుతున్నారని అడిగింది. ఈశాన్యం కదా అన్నాడు పెద్దనాన్న.

"గీ అర్ర మీ నాయిన కట్టిందా ఏంది? నేను కాపురానికొచ్చినంక నువ్వే గదా, ఈశాన్యం పెంచాలని కట్టిపిచ్చినవ్."

గడ్డపార పక్కన పెట్టాను. ప్రమోషన్ రావడం లేదని పెద్దనాన్న ఒకప్పుడు వాస్తు చూసే ఆయనకు ఇల్లు చూపించాడు. ఈశాన్యం తగ్గిందన్నాడాయన. తూర్పున ఒక గది కలిపి కట్టించారు. ప్రమోషన్ మాత్రం రాలేదు. ముప్పై ఏళ్లు ఆ గదిలో దండం పెట్టుకుని, ఇంటి అసలు మూల అదేనని పెద్దనాన్న తనే నమ్మేశాడు. రెండున్నర ఆదివారాలుగా నేను తవ్వుతున్నది ఆయన ప్రమోషన్‌ని.

అసలు మూల గోడకి ఇవతల ఉంది, ఫ్రిజ్ ఉండే చోట. అంటే ఇన్నేళ్లూ నానమ్మ ముక్కుపుల్ల మీద మేం పెరుగు గిన్నెలు పెట్టుకున్నాం.

"చాయ్ తాగి తవ్వు," అంది పెద్దమ్మ.

ఎండ తగ్గే వేళకి మిషన్ మోగింది. పెద్దనాన్న లేవలేదు. మేకే అనుకున్నాడు. నేనూ అంతే. చేతులతో మట్టి తీస్తే పచ్చగా చిలుమెక్కిన అంచు కనిపించింది. చెంబు ఒక పక్క రాయి కింద నలిగి, మూతి మూసుకుపోయింది. లోపల మట్టి గట్టిపడి రాయిలా ఉంది.

పెద్దనాన్న దాన్ని ఒళ్లో పెట్టుకుని తువ్వాలుతో తుడిచాడు. సుత్తితో మూతి తెరుద్దామన్నాను. వద్దన్నాడు. పోనీ నీళ్లలో నానబెడదామన్నాను. దానికీ తల అడ్డంగా ఊపాడు.

"నీ మిషన్ పెట్టి చూడు. ఉన్నదా?"

రాగి చెంబు మీద పెడితే ఆ మిషన్ మోగక ఏం చేస్తుంది. లోపల ముక్కుపుల్ల ఉన్నా మోగుతుంది, లేకున్నా మోగుతుంది. మూడు ఆదివారాలు బకెట్ మీద కూర్చుని చూసిన మనిషికి ఈ సంగతి తెలియక కాదు. అదే మాట నా నోటిదాకా వచ్చింది. పెద్దమ్మ నా వైపు చూసింది.

కాయిల్ చెంబుకి దగ్గరగా పెట్టాను. మోగింది.

"ఉన్నది," అన్నాడు పెద్దనాన్న.

నేను వెనక్కి తిరిగి, పార తీసుకుని గుంట పూడ్చడం మొదలుపెట్టాను. పొద్దున్నే జేసీబీ వస్తుంటే పూడ్చి ఏం చేస్తావని పెద్దమ్మ అడిగేదాకా పూడుస్తూనే ఉన్నాను.