వలలో పడిన బంతి

మనవరాలు సాఫ్ట్ టెన్నిస్ ఆడబోతూ మెత్తటి తెల్ల బంతిని నా చేతికిచ్చింది. నొక్కి వాసన చూశాను. ఆ కొత్త రబ్బరు వాసన నన్ను అరవైల నాటి పులికాట్ ఒడ్డుకు, నా ఎనిమిదో ఏటికి లాక్కుపోయింది.

ఆ రోజు మద్రాసు నుంచి వచ్చిన మామ రెండు బ్యాట్లు, అచ్చం ఇలాంటి బంతి తెచ్చాడు. నాన్న ఆరేసిన పాత చేపల వలను రెండు గెడలకు అడ్డంగా కట్టాడు.

"బంతిని అటు కొట్టాల. గెలిచినోళ్లకే ఈ రెండు బ్యాట్లూ," అన్నాడు మామ.

అవతల అన్న నిలబడ్డాడు. నేను గురిచూసి కొట్టిన ప్రతి బంతీ వలలోనే పడింది. పడినప్పుడల్లా ఎగిరి గంతేశాను. అన్న కొట్టింది ఒక్కటీ పడలేదు. పాపం, వాడికి చేతకాదనుకున్నాను.

చివరికి మామ, "నువ్వు ఓడిపోయినావమ్మే! బంతి వల దాటాల," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. "వలలో పడితే ఓడిపోవడమేంది మామా?"

పడవ దగ్గరున్న నాన్న పగలబడి నవ్వాడు. "బిడ్డ చెప్పింది నిజమే కదా బావా! అన్నీ వల దాటిపోతే ఈ పొద్దు నీకు కూరేడిది?"

బ్యాట్లు రెండూ నాకే ఇప్పించాడు.

ఇప్పుడు మైదానంలో మనవరాలు కొట్టిన మొదటి బంతి నెట్టుకు తగిలి ఆగిపోయింది. అందరూ "అయ్యో" అన్నారు. నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టాను.