సూర్యుడికి మస్టర్

కైలాసం మామకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. లోకంలో వెలుగునిచ్చేది, వేడినిచ్చేది, మిషన్ తిప్పేది ఏదైనా సరే, ఆయన దృష్టిలో అది బొగ్గుబాయి కార్మికుడే. దానికి షిఫ్టు ఉండాలి, మస్టర్‌లో హాజరు పడాలి, నాగా పెడితే సంజాయిషీ ఇచ్చుకోవాలి. సాక్షాత్తు సూర్యుడికి కూడా మినహాయింపు లేదు.

మంచిర్యాల పక్కనున్న ఆ బొగ్గుబాయి కాలనీకి కాపురానికి వచ్చిన మొదటి పొద్దునే రోజారాణి నోరు వెళ్లబెట్టింది. గోడ అవతలి ఇంట్లో ఒక ముసలాయన గ్యాస్ సిలిండర్ ముందు నిలబడి దాన్ని నిలదీస్తున్నాడు.

"చెప్పకుంట చెయ్యకుంట నడిమిట్ల డ్యూటీ దిగుతవారా? చాయ్ ఎవడు కాస్తడు, నీ అయ్యనా?"

"అత్తా, మామ ఎవలను తిడుతుండు?" అంది రోజారాణి బిత్తరపోయి.

"సిలిండర్‌ను బిడ్డా," అంది ఆయన భార్య సత్తమ్మ, వాకిలి ఊడుస్తూనే. "నిన్న ఫ్యాన్‌ను తిట్టిండు. రేపు ఎవల వంతో."

కైలాసం జీవితమంతా బాయిలో బొగ్గు తవ్వి రిటైరైనవాడు. ఎవరు దొరికినా కూర్చోబెట్టి చెప్పేవాడు. "గోదారి నీళ్ల కరెంటా? అది సీజన్ కూలి. వానలు పడితే వస్తది, ఎండకాలం పత్తా ఉండది. గాలి కరెంటా? దానికి మనసైతే వస్తది, లేకుంటే లేదు. బొగ్గు ఒక్కటే పర్మినెంటు! మూడు షిఫ్టులు, పండుగ లేదు, పబ్బం లేదు."

"మరి గా దుమ్మో మామా?" అని రోజారాణి ఒకసారి ఉండబట్టలేక అడిగింది. "ఆరేసిన బట్టలు పొద్దుగూకే సరికి నల్లగైతున్నయి. పైగా తవ్వుకుంట పోతే ఒకనాడు ఒడువదా?"

"ఒడుస్తది. నేను రిటైర్ కాలేదా? గంత మాత్రాన నేను చేసింది నౌకరి కాదంటవా?"

రోజారాణి నల్లబడ్డ బట్టలను మళ్లీ బకెట్లో వేసుకుంది. ఈయనతో వాదించడం తన వల్ల కాదనుకుంది.

ఇంట్లో కరెంటు కుట్టుమిషన్లు పెట్టుకున్న ఆమెకు ఆ ఎండాకాలం ఒక బడి యూనిఫాంలు కుట్టే ఆర్డర్ వచ్చింది. బడి తెరిచేనాటికి ఇవ్వకపోతే ఆర్డర్ కరీంనగర్ దుకాణానికి పోతుందని హెడ్‌మాస్టర్ ముందే చెప్పాడు. ఆర్డర్ పోతే మిషన్లు అమ్మేయడమేనని భర్త రవి కూడా తేల్చేశాడు. తీరా చూస్తే రోజూ మధ్యాహ్నం కరెంటు కోత.

"మామా, నీ పర్మినెంటు మనిషి నాగా పెట్టిండా?" అని ఆమె గోడ మీదుగా ఎత్తిపొడిచింది.

"మనిషి డ్యూటీకి బయలెల్లిండు కోడలా. బస్సు రాలే," అన్నాడు కైలాసం, కరెంటు తీగల వైపు వేలు చూపించి.

ఆ బస్సును నమ్ముకుంటే లాభం లేదని రోజారాణి రవిని ఒప్పించి డాబా మీద సోలార్ ప్లేట్లు పెట్టించింది. కైలాసం గేటు దగ్గర కొయ్యబారిపోయాడు. "కోడలా! బొగ్గుబాయి కాలనీల ఉండి బద్లీ ఫిల్లర్‌ను పనికి పెట్టుకుంటవా!" అన్నాడు. పర్మినెంటు మనిషి రానినాడు అతని బదులు దిగేవాడే బద్లీ ఫిల్లర్. సూర్యుడికి ఇంతకంటే పెద్ద అవమానం ఉండదని కాలనీ మొత్తం నవ్వుకుంది.

అప్పటినుంచి కైలాసం రోజూ పొద్దున్నే వాకిట్లో తూర్పుకు తిరిగి నిలబడి హాజరు పిలిచేవాడు. "సూర్యుడూ! వచ్చినవా? నీది ఒక్కటే షిఫ్టు, మబ్బొస్తే సిక్ లీవు!" కాస్త మొగులు పట్టిందంటే ఆయన సంబరం చూడాలి. "కోడలా, ఇయ్యాల నీ మనిషి వచ్చిండా?"

కొద్దిరోజులకే మిషన్లు నీరసంగా తిరగడం మొదలైంది. ఫిట్టర్ వచ్చి చూసి, ప్లేట్ల మీద బొగ్గు దుమ్ము పేరుకుందని, రోజూ పొద్దున్నే తుడవాలని చెప్పాడు. డాబాకు ఉన్నది నిటారు ఇనుప నిచ్చెన. రవి తెల్లారకముందే ఫస్ట్ షిఫ్టుకు పోతాడు. రోజారాణి సగం దాకా ఎక్కి, కళ్లు తిరిగి, వణుక్కుంటూ దిగొచ్చి వాకిట్లో కూలబడింది. "వేములవాడ రాజన్నా, నువ్వే దిక్కు! గీ ఆర్డర్ గట్టెక్కిస్తే నీ గుడికి వచ్చి కోడెను కట్టేస్త," అని అందరూ వినేలా మొక్కింది.

మర్నాడు మిషన్లు గిర్రున తిరిగాయి. రోజారాణి నివ్వెరపోయింది. రాజన్న ఇంత తొందరగా వింటాడని కలలో కూడా అనుకోలేదు. ఇంటింటికీ పోయి చెప్పింది.

"రాజన్నకు వేరే పని లేదా?" అని గొణిగి కైలాసం దగ్గు అందుకున్నాడు.

తర్వాత ఆయన, సత్తమ్మ భైంసాలో బిడ్డ ఇంటికి పోయారు. మిషన్లు మళ్లీ ఈడ్చుకున్నాయి. మొక్కు ఆలస్యమైనందుకు రాజన్నకు కోపమొచ్చిందని రోజారాణి లెంపలు వేసుకుంది. బడి తెరిచే రోజు దగ్గరపడింది, కుట్టాల్సిన బట్టలు కుప్పగా ఉన్నాయి. ముసలివాళ్లు భైంసా నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే డాబా మీద చప్పుడైంది. ప్లేట్లు ఎత్తుకుపోయే దొంగే అనుకుంది. కళ్లు తిరగడం సంగతే మరిచి, చీపురు పట్టుకుని నిచ్చెన ఎక్కేసింది.

ఎక్కి చూసి అక్కడే బిగుసుకుపోయింది.

కైలాసం తడి తువ్వాలతో ప్లేట్లు తుడుస్తూ సూర్యుడితో మాట్లాడుతున్నాడు. "నాలుగు దినాలు నేను లేకుంటే గింత సోమరి అయితవా? పిల్ల కుట్టేటి బట్టలు ఇంకా గన్ని ఉన్నయి. గీ ఆర్డర్ ఒడిసేదాక నాగా పెట్టకు. నిన్ను పర్మినెంటు చేపిచ్చే పూచీ నాది!"

"మామా! నువ్వా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "నేను... తనిఖీకి వచ్చిన."

"తువ్వాలతోనా?"

కైలాసం ఆయాసంతో పిట్టగోడ మీద కూర్చున్నాడు. "దుమ్ము ఎవలది? నా బొగ్గుది. నా మనిషి చేసిన ఖరాబు నేను సాఫ్ చెయ్యద్దా? నా ఊపిరితిత్తులల్ల జొచ్చింది ఎట్లాగూ తుడిస్తె పోదు. గిదన్న తుడుద్దామని."

రోజారాణి చీపురు పక్కన పడేసి ఆయన చేతిలోంచి తువ్వాల లాక్కుంది.

"కాలనీల ఎవ్వలకు చెప్పకు బిడ్డా. నేను బద్లీ ఫిల్లర్‌కు స్నానం పోస్తున్ననంటే యూనియనోళ్లకు ముఖమెట్ల చూపియ్యాలె? రాజన్నే తుడుస్తుండని చెప్పు."

"చెప్త గని, ఇగ నువ్వు ఎక్కొద్దు మామా. నువ్వు కింద నిచ్చెన పట్టుకో, నేను ఎక్కుత. హాజరు నువ్వే పిలువు."

బడి తెరిచేనాటికి యూనిఫాంలు అందాయి. రోజారాణి వేములవాడ పోయి కోడెను కట్టేసి, ప్రసాదం మొదట గోడ అవతలికే ఇచ్చింది. అప్పటికి వానలు పడ్డాయి, ప్లేట్లు కడిగే డ్యూటీ వానకు పడింది. ఆరోజు పొద్దున్నుంచీ మొగులే.

"కోడలా, ఇయ్యాల నీ మనిషి వచ్చిండా?" కైలాసం గొంతు గోడ మీదుగా ఖంగున మోగింది.

"రాలే మామా, సిక్ లీవు! మరి నీ మనిషి?"

"వాడా? వాడు పర్మినెంటు! ఎన్నడన్న నాగా..."

అంతలోనే కాలనీ మొత్తం కరెంటు పోయింది. ఆయన ఇంట్లో ఫ్యాన్ ఆగిన చప్పుడు ఇక్కడికి వినిపించింది. రోజారాణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఎదురుచూసింది.

"బస్సు రాలే," అన్నాడు కైలాసం.