కొలుపునాటి గొలుసు

మా కృష్ణా డెల్టాకి వస్తే ఏమేం చూడాలో ఇంటర్నెట్టులో ఎవరో పుణ్యాత్ముడు రాసిపెట్టాడు: గుళ్ళు, సరస్సులు, గిరిజన జాతరలు. ఇక్కడ మనుషులు కూడా ఉంటారన్న సంగతి ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. ఆ రాసింది ఫోనులో పెట్టుకుని హైదరాబాదు నుంచి ఒక వీడియోల పెద్దమనిషి బందరులో దిగి, దారి చూపించమని నన్ను పట్టుకున్నాడు.

నన్నే ఎందుకంటే, చిలకలపూడి గిల్టు నగలు అట్టకు తగిలించుకుని పాతికేళ్ళుగా తిరనాళ్ళలో అమ్ముకునే సాయిబుని నేను. ఏ దేవుడికి ఎప్పుడు కల్యాణమో చెప్పడానికి పూజారిగారైనా పంచాంగం తిరగెయ్యాలి, నాకు అక్కర్లేదు. "మీ కొట్టు కూడా వీడియోలో వేస్తానండీ" అన్నాడాయన. అంతే, రెండు రోజులు వ్యాపారం కట్టేసి ఆయన వెంట తిరిగాను.

మొదటి రోజు మోపిదేవి, హంసలదీవి. గుళ్ళ కంటే తన మొహమే ఎక్కువ తీసుకున్నాడు. రెండో రోజు గుడివాడ మీదుగా కొల్లేరు. కనుచూపు మేర చేపల చెరువులే కనిపించేసరికి "సరస్సు ఎక్కడండీ?" అని అడిగాడు. "తినేశామండీ" అన్నాను. పాపం, నవ్వలేదు. రాసుకున్నాడు.

మూడో రోజు దివిసీమలో కరకట్ట కింద యానాదుల అంకమ్మ కొలుపు. గిరిజన జాతరంటే ఇదేనని చెప్పి, నేను అట్ట తగిలించుకుని కూర్చున్నాను. అక్కడ పీతలు పట్టే ఒక అక్క నాకు పాత బేరం. ఏటా కొలుపునాడు నా దగ్గర ఒక గొలుసు కొంటుంది. అది ముందు అమ్మవారి మెడలో పడాలి, తర్వాత ఆవిడ మెడలో. మళ్ళీ కొలుపు దాకా తియ్యకూడదు. ఆ ఏడు మొక్కు కూతురి కోసం. తొలి కాన్పు, పొద్దున్నే నొప్పులు మొదలైతే అవనిగడ్డ ఆసుపత్రిలో చేర్చారు. గొలుసు వేసుకుని వెంటనే అక్కడికి వెళ్దామని ఈవిడ ఆగింది.

పసుపు పూసిన గొలుసు అమ్మవారి మెడ నుంచి తన మెడలోకి వచ్చిందో లేదో, పెద్దమనిషి కెమెరా ఆవిడ మీద పడింది. "ఆ గొలుసు టౌన్ లా ఉందండీ. ట్రైబల్ లుక్ రావట్లేదు" అన్నాడు. నా దగ్గరే బొంబాయి ప్లాస్టిక్ పూసల దండలు ఏరుకుని, అవి వెయ్యమన్నాడు.

"తియ్యకూడదు కదా తమ్ముడూ" అంది అక్క.

"ఒక్క నిమిషానికి అమ్మవారేమీ అనుకోదులే అక్కా" అన్నాను. అమ్మవారి తరఫున మాట్లాడే అధికారం నాకెవరిచ్చారో! నా మాట మీద గౌరవంతో ఆవిడ గొలుసు తీసి నా చేతిలో పెట్టింది.

ఇంతలో బేరాలొచ్చాయి. పాతికేళ్ళ అలవాటు ఊరికే పోతుందా? నా చెయ్యి ఆ గొలుసుకున్న పసుపంతా గుడ్డతో శుభ్రంగా తుడిచి, అట్ట మీద మిగతా వాటి పక్కన తగిలించేసింది. అక్కడ నలభై దాకా ఉన్నాయి, అన్నీ ఒకటే అచ్చు.

వీడియో తియ్యడం కాగానే అక్క వచ్చి పూసలు నా ముందు పెట్టింది. "ఇయ్యి మాయి కాదు తమ్ముడూ. నా గొలుసియ్యి."

జరిగింది చెప్పి, "ఏదో ఒకటి తీసుకో అక్కా, అన్నీ ఒకటే" అన్నాను. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒక్కో గొలుసూ ముక్కు దగ్గర పెట్టుకుని పసుపు వాసన కోసం వెతికింది. "అక్కడ పిల్ల నొప్పులు పడతందయ్యా" అంది. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. పెద్దమనిషి అది కూడా తీస్తున్నాడు. "కెమెరా కట్టెయ్యవయ్యా బాబూ" అని అరిచాను.

చివరికి అక్క అట్ట ఊడదీసి నా చేతుల్లో పెట్టి "పట్టుకు రా" అంది. వెళ్ళాను. నలభై గొలుసులూ అమ్మవారి మెడలో వేయించి, అన్నిటికీ పసుపు రాసి, ఒకటి తీసి తన మెడలో వేసుకుంది. "ఇప్పుడన్నీ అమ్మవారియ్యే" అని మిగతావి నాకిచ్చేసి ఆటో ఎక్కింది.

తర్వాత వీడియో వచ్చింది. తరతరాల గిరిజన ఆభరణాలంటూ నా ప్లాస్టిక్ పూసలు మెరిశాయి. నా కొట్టు మాత్రం లేదు.

నా దగ్గర మిగిలిన వాటిలో ఆవిడ అసలు గొలుసు ఉందేమో! ఏది అమ్మబోయినా అదే అనిపించేది. ఒక్కటీ అమ్మలేక మూటగట్టి పెట్టాను. మరుసటేడు కొలుపుకి అక్క మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. మూట విప్పి ముందు పెట్టాను. "నీది ఏదో చూసుకో అక్కా, ఏడాదిగా ఒక్కటీ అమ్మలేదు."

పాప గుప్పెట్లో ఇరుక్కున్న గొలుసుని మెల్లగా విడిపించుకుంటూ అక్క నవ్వింది.

"పిచ్చి తమ్ముడూ, నాది నా మెళ్ళోనే ఉందిగా!"